పిచ్చుక కోసం ఒక పాట

పదకొండో వారం

పోయిన వారం మనం పిచ్చుకని పని బల్ల ముందు, చేతిలో మైనం గడ్డకట్టిపోతుండగా వదిలేసి వచ్చాం. ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పిచ్చుక పరాయి దేశంలో, పళ్ళ సెట్లు తయారుచేసే చిన్న కార్ఖానాలో పనిచేస్తుంది. భర్త సరుకుల ఓడలో వంటవాడు, నాలుగు నెలలకోసారి ఇంటికొస్తాడు. కూతురికి ఏడేళ్ళు. ఒక్కచోట నిలవదు కనక ఇంట్లో దాని పేరు బొంగరం. దాన్ని కన్నది పిచ్చుక కాదు, పిచ్చుక అక్క. అక్క పురిటి తర్వాత జ్వరంతో పోయిందని చెప్పి, మూడు నెలల పసిగుడ్డును అన్నయ్య తెచ్చి ఒళ్ళో పెట్టాడు. ఈ సంగతి బొంగరానికి తెలియదు.

మొన్న బుధవారం మధ్యాహ్నం పిచ్చుక ఆ వారమే ఫోన్లో ఎక్కించుకున్న మన దేశం రేడియో చెవిలో పెట్టుకుని మైనంలో పళ్ళు అమరుస్తోంది. అక్కడ సాయంత్రం, ఇక్కడ భోజనాల వేళ. శ్రోతలు ఫోన్ చేసి తమవాళ్ళ కోసం పాట అడిగే కార్యక్రమం వస్తోంది. ఒకావిడ లైన్లోకి వచ్చింది. "బయటి దేశంలో ఉన్న మా పిచ్చుక కోసం ఒక పాట వెయ్యండి. ఏదైనా సరేనండి. సాయంత్రం పూట అది పాట లేకపోతే అన్నం తినేది కాదు" అంది.

అది అక్క గొంతు. ఏడేళ్ళ కిందట పోయిన అక్క గొంతు.

గొంతులు ఒకదానికొకటి పోలి ఉండొచ్చు కదా అంటారేమో. పిచ్చుక కూడా తనకి తాను ఆ మాటే చెప్పుకుని చూసింది. కానీ చిన్నప్పుడు అక్క సైకిల్ వెనక తనని కూచోబెట్టుకుని బడికి తీసుకెళ్తూ ఒక గతుకులో పడింది. పడుతూ పడుతూ చెల్లెలి తల నేలకి తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టింది. తన మొహానికి అడ్డం పెట్టుకోవడానికి ఇంక చేతులు మిగల్లేదు. పై వరసలో ముందు పన్ను సగానికి విరిగింది. అప్పట్నుంచి అక్క "స" అన్నప్పుడల్లా మాట చివర సన్నటి ఈల పలికేది. వీధిలో పిల్లలు వెక్కిరిస్తే పిచ్చుక వాళ్ళ మీదికి రాళ్ళు విసిరేది.

పళ్ళ సెట్లు చేసేవాళ్ళకి ఆ ఈల సంగతి అందరికంటే బాగా తెలుసు. మైనపు సెట్టు నోట్లో పెట్టి డాక్టర్లు స, శ వచ్చే మాటలు పలికించి చూస్తారు. గాలి జారిందంటే ముందు పళ్ళ అమరిక తప్పిందని కార్ఖానాకి తిప్పి పంపిస్తారు. తొమ్మిదేళ్ళుగా పిచ్చుక చేతులు సరిచేస్తున్నది ఆ గాలినే. రేడియోలో ఆవిడ "సరేనండి" అంది, "సాయంత్రం" అంది. ఆ రెండు మాటలు చాలు. పైగా తనని పిచ్చుకా అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉండేది.

గురువారం, శుక్రవారం, శనివారం ఎలా గడిచాయో ఆవిడకే తెలియాలి. గూళ్ళలో వరసగా పెట్టిన ప్లాస్టర్ అచ్చులు, ఎవరెవరివో నోళ్ళు, అన్నీ ఏదో చెప్పబోయి తనని చూసి ఆగిపోయినట్టుండేవి. ఒక ముసలాయన సెట్టులో కుడి పన్ను ఎడమవైపు పెట్టేసింది. పక్క బల్ల మీద పనిచేసే ఆవిడ చూసి, "ఏమైంది నీకు, దెయ్యాన్ని చూసినట్టున్నావు" అంది.

"చూడలేదు, విన్నాను" అనబోయి ఊరుకుంది పిచ్చుక.

ఆదివారం మధ్యాహ్నం బొంగరాన్ని పక్క ఫ్లాటులో దాని స్నేహితురాలి దగ్గర దింపి, బస్సెక్కి అన్నయ్య ఇంటికి వెళ్ళింది.

అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్ళో ఎత్తైన మేడల్లో సగానికి ఆయన చెయ్యి పడనిదే మనుషులు పైకి వెళ్ళరు, కిందికి రారు. ఇంట్లో ఉన్నంతసేపూ మాత్రం టీవీ ముందే. మన దేశం వార్తల చానల్. పళ్ళు తోముకోకముందు పెడితే మళ్ళీ పక్క మీదికి చేరేటప్పుడే కట్టడం. అక్కడెక్కడో రోడ్డు వెయ్యలేదని జనం ధర్నా చేస్తుంటే, రేపు పొద్దున ఆ గుంటల్లో తనే నడవాల్సినట్టు మొహం పెట్టుకుని చూస్తాడు. ఆ ఇంటికి వెళ్తే ఎవరైనా సరే గొంతు పెంచే మాట్లాడాలి. అది అలవాటనుకునేది పిచ్చుక.

వదిన తలుపు తీసింది. పిచ్చుక మొహం చూడగానే ఆవిడ మొహంలో రంగు మారింది. "రామ్మా" అని మాత్రం అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పిచ్చుక కూచోలేదు. "అన్నయ్యా, అక్క ఎలా పోయింది?"

"ఇప్పుడెందుకే అది?" టీవీ మీంచి చూపు తియ్యలేదు అన్నయ్య.

"చెప్పు."

"జ్వరమొచ్చి పోయింది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"నువ్వు దగ్గరున్నావా?"

"ఉన్నాను కాబట్టేగా పాపని తెచ్చాను."

"బుధవారం రేడియోలో మాట్లాడింది."

రిమోటు అన్నయ్య చేతిలోనే ఉంది. ఆయన బొటనవేలు కదిలింది. వార్తలు చదివే ఆవిడ గొంతు ఒక్కసారి పెద్దదైంది.

"పాత రికార్డింగు వేసుంటారు" అన్నాడు.

"అక్క ఎప్పుడు మాట్లాడింది రేడియోలో, పాతది వెయ్యడానికి?"

"అయితే ఇంకెవరో అయ్యుంటారు. మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారంటారు."

"మొహాలకుంటాయి పోలికలు. విరిగిన పళ్ళకుండవు. నన్ను పిచ్చుకా అనేవాళ్ళు కూడా ఏడుగురున్నారా?"

టీవీలో ఎవరో ఎవరినో నిలదీస్తున్నారు. వదిన చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. భర్త చేతిలోని రిమోటు తీసుకుంది. టీవీ కట్టేసింది.

ఆ గదిలో గోడ గడియారం ఒకటుందని పిచ్చుకకి ఆ రోజే తెలిసింది.

"చెప్పెయ్యండి" అంది వదిన. "ఎన్నాళ్ళని ఆ టీవీ గొంతు పెంచుకుంటూ పోతారు? ప్రతి బుధవారం క్యారేజీ మూత తియ్యకుండా తిరిగి తెస్తున్నారు. నేను కడిగేదాన్ని, నాకు తెలీదా?"

అన్నయ్య ఆరిపోయిన తెరకేసే చూశాడు. అందులో ముగ్గురి నీడలూ కనిపిస్తున్నాయి. తర్వాత, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో బయట నుంచి మాట్లాడతాడు చూడండి, అలా నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా పలుకుతూ మొదలుపెట్టాడు.

"అక్క పోలేదు. మనసు చెదిరింది. పురుడయ్యాక నిద్ర లేదు, తిండి లేదు. ఇది నా పిల్ల కాదు, ఎవరో మార్చేశారు అనేది. బావ ఆరో నెలలోనే చేతులు దులుపుకుని పోయాడు కదా, ఇంట్లో ఇంకెవరున్నారు? నేను అక్కడికెళ్ళిన వారానికే పాపని ఎత్తుకుని బయటికెళ్ళి, చేతులూపుకుంటూ తిరిగొచ్చింది. పాప ఏదంటే, 'వాళ్ళది వాళ్ళకిచ్చేశాను' అంది. నాలుగు గంటలు వెతికాను. రైల్వే స్టేషన్లో బెంచీ మీద దొరికింది పాప, చీర ముక్కలో చుట్టి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది దానికి."

పిచ్చుక అప్పుడు కుర్చీ లాక్కుని కూచుంది.

"ఆస్పత్రిలో చేర్చాను. బాగవడానికి ఏళ్ళు పడుతుందన్నారు, అసలు బాగవకపోవచ్చు కూడా అన్నారు. ఓ రోజు తెలివిగానే ఉంది. నన్ను దగ్గరికి పిలిచింది. 'ఒరేయ్, దీన్ని పిచ్చుకకి ఇచ్చెయ్. నేను చచ్చిపోయానని చెప్పు. బతికున్నానని తెలిస్తే అది దీన్ని అరువు తెచ్చుకున్న వస్తువులా పెంచుతుంది, తన పిల్లనుకోదు' అంది. దత్తత కాగితం మీద తనే సంతకం పెట్టింది. నీకప్పటికి ఇక్కడి భాష చదవడం రాదు. చూపించిన చోట నువ్వూ పెట్టావు."

"మరి తర్వాత?" అంది పిచ్చుక.

అన్నయ్య మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "మూడేళ్ళకి ఫోన్ చేసింది. చక్కగా మాట్లాడింది, మన అక్కే, మునుపటి అక్కే. ఎక్కడో కుట్టుపని నేర్పుతోందట. 'అబద్ధం ఇంక చాలురా, పిచ్చుకకి నిజం చెప్పు. పిల్లని ఇమ్మనను, ఒక్కసారి చూపించండి చాలు' అంది. చెబుదామనే మీ ఇంటికొచ్చాను. ఆ రోజు బొంగరం నీ మెడ పట్టుకుని వేలాడుతోంది. నువ్వేమన్నావో గుర్తుందా? 'దీనికోసమే పుట్టానన్నయ్యా నేను' అన్నావు. టీ తాగి వచ్చేశాను. మర్నాడు నా నెంబరు మార్చేశాను. ఇల్లు కూడా ఆ నెలలోనే మారాం. అక్కకి దేశం తెలుసు, ఊరు తెలీదు."

"అందుకని రేడియోకి..."

"మన రేడియో ఎక్కడున్నా వినిపిస్తుందని ఎవరో చెప్పారట, తనే ఒకసారి రేడియోలో అంది. రెండున్నరేళ్ళుగా, ప్రతి బుధవారం. నేను ఏదో ఒక మేడ మీద మిషన్ గదిలో కూచుని వింటాను. లిఫ్టు ఆపేస్తాను, ఆ చప్పుడులో వినపడదని. జనం నన్ను తిట్టుకుంటూ మెట్లెక్కుతుంటారు. తను పాట అడిగి, థాంక్సండీ అని పెట్టేసేదాకా అలా కూచుంటాను."

పిచ్చుక అరుస్తుందనుకుంది వదిన. అరవలేదు. "ఏడేళ్ళు ఏడ్చానన్నయ్యా" అంది. "అక్క ఆఖరి చూపు దక్కలేదని, ఇంట్లో అందరూ నిద్రపోయాక నోట్లో చీర కొంగు కుక్కుకుని ఏడ్చాను. బతికున్న మనిషి కోసం. ఆ ఏడుపంతా ఇప్పుడేం చేసుకోమంటావు?"

అన్నయ్య తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ మాట తడబడలేదు. "తప్పు నాదే. కాదనను. అయితే ఇప్పుడు నీకూ తెలిసింది. ఆ రేడియో నెంబరు కార్యక్రమంలో పదిసార్లు చెబుతారు. ఫోన్ చెయ్. బొంగరాన్ని ఎదురుగా కూచోబెట్టుకుని, ఇదుగో మీ అమ్మ ఈవిడ అని చెప్పు. చెప్పగలవా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండానే చెప్పులు వేసుకుంది పిచ్చుక. మెట్లు దిగుతుంటే పైన మళ్ళీ టీవీ మొదలవుతుందేమోనని చెవి ఒగ్గింది. మొదలవలేదు.

నిజం తెలిస్తే గుండె తేలికవుతుందంటారు. పిచ్చుకకి తేలికవలేదు. ఆ సాయంత్రం బొంగరానికి జడ వేస్తూ దాని చెవుల వెనక చూసింది, మెడ చూసింది, చేతి గోళ్ళు చూసింది. ప్రతి చోటా అక్క కనిపించింది. ఇన్నాళ్ళూ ఆ పోలికలు చూసి మురిసిపోయేది. ఇప్పుడు ఎవరో గుమ్మంలో నిలబడి, "అది నాది" అంటున్నట్టుంది.

"అమ్మా, గట్టిగా లాగుతున్నావు" అంది బొంగరం.

సోమవారం పొద్దున బస్సులో కూచుని ఫోన్లోంచి రేడియోని తీసేసింది. తీసేశాక హాయిగా ఊపిరి పీల్చుకుంది కూడా. ఏముంది, అన్నయ్య మోసినట్టే తనూ మోస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు. అక్క బుధవారం బుధవారం పాట అడుగుతుంది, ఎవరూ వినరు. కొన్నాళ్ళకి విసుగొచ్చి మానేస్తుంది. పిల్ల పెద్దదవుతుంది.

మంగళవారం మధ్యాహ్నం, చెవిలో ఏమీ లేకుండా పనిచేస్తుంటే, ఆ గొంతు వినపడింది. రేడియో లేదు, తీగ లేదు, పాట లేదు. నీళ్ళ కుళాయి చప్పుడులో వినపడింది. పళ్ళు మెరుగుపెట్టే మిషన్ హోరులో వినపడింది. ఏదైనా సరేనండి, ఏదైనా సరేనండి. పిచ్చుక మిషన్ ఆపేసి బల్ల మీద తల పెట్టుకుంది. అన్నయ్య ఏళ్ళ తరబడి మోసినదాన్ని తను మూడు రోజులు కూడా మోయలేకపోయింది.

బుధవారం సెలవు పెట్టింది. బుధవారాలు బొంగరానికి ఒంటిపూట బడి. దానికి అన్నం పెట్టి, గదిలో బొమ్మలు వేసుకోమని పంపించి, వంటింటి బల్ల ముందు కూచుంది. ఫోన్లో రేడియో మళ్ళీ ఎక్కించడానికి చేతులు రాలేదు. భర్త పాత ఫోన్ ఒకటుంటే దాన్లో పెట్టి బల్ల మీద ఉంచింది. తన ఫోన్లో ఆ నెంబరు కొట్టింది. ఎంగేజ్. మళ్ళీ కొట్టింది. ఎంగేజ్. కార్యక్రమం నడిపే ఆయన ఎవరో పెళ్ళిరోజు దంపతులని దీవిస్తున్నాడు. స్పీకర్ పెట్టి, కొడుతూనే ఉంది. ఇరవై సార్లు దాటాక లెక్క తప్పింది. అక్క ఇంకా రాలేదు. ఇవాళ రాదేమో, వచ్చి వెళ్ళిపోయిందేమో.

"హలో, చెప్పండమ్మా" అంది ఫోన్. "రేడియోలో లైవ్‌లో ఉన్నారు. ఎవరు మాట్లాడేది?"

బల్ల మీది పాత ఫోన్లో మాత్రం ఇంకా ఎవరిదో పాట వస్తోంది. ఇంత దూరం రావడానికి రేడియోకి ముప్పావు నిమిషం పడుతుంది. ఫోన్‌కి పట్టదు.

పిచ్చుక ఫోన్ మీదికి వంగింది. "నేనండీ... పిచ్చుకని."

అవతల ఆయన చటుక్కున ఆగాడు. "ఏ... ఏ పిచ్చుకండీ?"

"ప్రతి బుధవారం మీ దగ్గర ఒక పాట వస్తుంది కదండీ. ఆ పిచ్చుకని. మా అక్కకి చెప్పండి, నేను విన్నానని. మొన్ననే విన్నాను, అంతకుముందు నాకు తెలీదని..."

తలుపు ధడాలున తెరుచుకుంది. "అమ్మా! నా గీతల సాక్సు ఒక్కటే ఉంది. రెండోది ఏదీ?"

పిచ్చుక ఫోన్ మీద అరచెయ్యి మూసింది. మూసేసరికే ఆ మాట వెళ్ళిపోయింది. ఆ 'అమ్మా' సముద్రాలు దాటి, అక్కడి సాయంత్రంలో, ఎన్ని ఇళ్ళల్లో రేడియో మోగుతోందో అన్ని ఇళ్ళల్లోకీ వెళ్ళిపోయింది.

"లోపలికి వెళ్ళమ్మా" అంది.

బొంగరం వెళ్ళలేదు. తల్లి మొహం చూసి, ఒక కాలికి సాక్సు, ఇంకో కాలు ఉత్తది, అలాగే నిలబడిపోయింది. ఫోన్లో ఏదో గడబిడ, అవతలి గదిలో ఎవరో ఎవరితోనో గబగబా మాట్లాడుతున్నారు. పిచ్చుక వేలు ఎర్ర గుర్తు మీదికి వెళ్ళింది. ఒక్క నొక్కు నొక్కితే చాలు. అన్నయ్య నెంబరు మార్చినంత తేలిక.

అంతలో బల్ల మీది పాత ఫోన్లో పాట ఆగింది. ముప్పావు నిమిషం కిందటి తన గొంతు, వణుకుతూ, మన దేశం నుంచి తిరిగొచ్చింది. *నేనండీ... పిచ్చుకని.* పోయినవాళ్ళ గొంతులా ఉంది అది. ఆ వెనకే తలుపు చప్పుడు, *అమ్మా! నా గీతల సాక్సు...*

"అమ్మా, అది నేనే!" బొంగరం కళ్ళు పెద్దవి చేసుకుంది. "నేను రేడియోలో ఉన్నాను!"

"అమ్మా, వినపడుతోందా?" స్పీకర్లో ఆయన గొంతు ఇప్పుడు కార్యక్రమం నడిపేవాడి గొంతులా లేదు, పక్కింటి మనిషి గొంతులా ఉంది. "దయచేసి లైను పెట్టెయ్యకండి. రెండో లైన్లో ఒకావిడ ఉన్నారు. ఇందాకట్నుంచే ఉన్నారు, మీ తర్వాత ఆవిడ వంతు. ఏడుస్తున్నారు. ఇవాళ పాట వద్దంటున్నారమ్మా. ఆ పాప చేత ఇంకొక్క మాట మాట్లాడించమంటున్నారు."

పిచ్చుక వేలు ఎర్ర గుర్తు మీదే ఉంది. బొంగరం దగ్గరికొచ్చి, బల్ల అంచు మీద గడ్డం ఆనించి, చెయ్యి చాపింది.

"నాతో మాట్లాడతారటమ్మా. ఇటివ్వు" అంది. "ఎవరావిడ?"